పొగ మానుటలో దంపతుల సహకారము

మన కర్షక కుటుంబములలో చుట్టయు బీడీయు పురుషుల అలవాటని సాధారణముగా చెప్పుకొందుము. ఆ మాట సగమే నిజము. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు తరతరములుగా స్త్రీలలోనే మెండు. భర్త అరుగు మీదను, భార్య పొయ్యి యొద్దను ఒకే కట్టలోని చుట్టలు కాల్చుకొను ఇండ్లు కలవు. అట్టి యింట ఒకరు మానదలచినచో రెండవవారి చుట్ట యెదుటనే వెలుగుచుండును. ఒంటరిగా మానుట యేల కష్టమో, ఇరువురును కలిసి మానుట యెట్లు సాధ్యమో, నడుమ పుట్టు కోరికను దంపతులు ఎట్లు దాటవలెనో ఈ నెల మన చదువరులకు విన్నవింపదలచితిమి.

పొగాకు పండించువారము మనమే గదా, మానుమని చెప్పుట యేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. గోదావరి లంకలలో చుట్ట పొగాకును, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో వర్జీనియా పొగాకును పండించి బ్రతుకుచున్నవారు మనలో పెక్కురున్నారు. పంటను గూర్చిన చర్చ వేరు. అది యీ వ్యాసమునకు చెందదు. కాని పొగాకు గుణము కర్షకునికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. పొగాకు కషాయముతో పైరు మీది పేనుబంకను చంపినవారము మనమే. మంచుతో తడిసిన ఆకును కోయునపుడు తల తిరిగి వాంతియైన కూలీలను చూచినవారము మనమే. ఆ బాధకు కారణము తడిచేతి చర్మము గుండ ఒంటిలోనికి దిగిన నికోటిన్. చర్మము గుండ దిగినదే అంత చేయగా, దినమునకు పదిమారులు ఊపిరితిత్తులలోనికి పీల్చినది ఏమి చేయునో వేరుగా చెప్పనక్కరలేదు.

కోరిక యెక్కడ పుట్టును

అలవాటునకు మూలము ఈ నికోటినే. పొగ పీల్చిన పది పదిహేను సెకన్లలో అది మెదడును చేరి హాయి యను భావమును కలిగించును. సుమారు 2 గంటలలో రక్తమునందలి నికోటిన్ సగమునకు తగ్గును. తగ్గిన కొలది మెదడు మరల అడుగును. ఆ అడుగుటనే మనము కోరిక యందుము. రాత్రి నిద్రలో ఆరేడు గంటలు పొగ లేక గడచుటచేతనే తెల్లవారి లేవగానే చేయి చుట్ట కొరకు తడుముకొనును. కాబట్టి చుట్ట ఇచ్చుచున్నదని మనకు తోచు హాయిలో చాల భాగము మునుపటి చుట్ట పెట్టిపోయిన బాధను కొంతసేపు తీర్చుట మాత్రమే. పాత అప్పు వడ్డీకై క్రొత్త అప్పు చేయు రైతు స్థితి యిది. అసలు ఎన్నటికిని తీరదు.

మానిన దినముననే కోరిక మొదలగును. రెండు మూడు దినములలో మిక్కిలి హెచ్చును. మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గును. ముఖ్యముగా గ్రహింపవలసినది మరియొకటి కలదు. కోరిక దినమంతయు ఒకే తీరున నుండదు; కెరటమువలె వచ్చి, కొన్ని నిమిషములు నిలిచి, చుట్ట ముట్టింపకున్నను తనంతట తానే విరిగిపోవును. ముట్టించినచోనే తగ్గునని మనము నమ్ముట పొరపాటు.

పొగాకు తోటలో తల త్రుంచిన తరువాత ప్రతి ఆకు మొదటను పిలకలు పుట్టును. ఒకసారి త్రుంచితిమి గదాయని రైతు ఊరకుండడు. మరల పుట్టెనేయని తోటను విడిచియు పోడు. చిన్నదిగా నున్నప్పుడే గిల్లివేయును. వారము దినములకు మరల వచ్చి చూచును. మానినవారికి కోరికయు నట్లే. మొదటి నెల గడచిన పిదప శరీరము అడుగుట తగ్గును గాని, స్థలములును వేళలును అడుగుచుండును. కాఫీ త్రాగిన వెంటనే, భోజనము కాగానే, రాత్రి నీరు కట్టునప్పుడు, కళ్లము కావలి యందు, సంతలో నలుగురు చేరినప్పుడు, పెండ్లింట, చావింట, అచ్చటచ్చట ఒక్కొక పిలక తల యెత్తును. దానిని చూచి నాకు నిగ్రహము లేదని క్రుంగిపోనక్కరలేదు. పిలక పుట్టుట మొక్క స్వభావము. గిల్లుట రైతు పని.

హాని యెంత, లాభ మెంత

శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి వైద్య పరిశోధకులు 1971లో ప్రకటించిన విషయములు అడ్డపొగ వలని హానిని లోకమునకు తెలిపినవి. నిప్పు నోటిలోపల నుండుటచే వేడియు పొగయు నేరుగా అంగిలికి తగులును. అంగిలి మీద తెల్లని మచ్చలు, ఎర్రని మచ్చలు, పుండ్లు పుట్టును; కొందరికి అవి క్యాన్సరుగా మారును. నొప్పి లేనందున చాలకాలము తెలియదు. వైద్యుడు పురుషుని నీవు కాల్చుదువా యని అడుగును గాని స్త్రీని అడుగుట అరుదు. అడిగినను సిగ్గుచే ఆమె చెప్పదు. ఇట్లు ఆమె నోటిలోని మచ్చ ఏండ్ల తరబడి ఎవరును చూడకుండ పెరుగును.

కాల్చని భార్యకు హాని లేదనుటయు సరికాదు. జపాను దేశమున 91,540 మంది పొగ త్రాగని భార్యలను 14 ఏండ్లు గమనించి 1981లో ప్రకటించిన పరిశోధనలో, ఎక్కువ సిగరెట్లు కాల్చు భర్తలు గలవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగా వచ్చినట్లు తేలినది.

మానినచో లాభ మెంతయో చెప్పు లెక్కయు నున్నది. ఇంగ్లండులో రిచర్డు డాల్ అను వైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1951 నుండి వేలకొలది పురుష వైద్యులను గమనించి, 50 ఏండ్ల ఫలితములను 2004లో ప్రకటించిరి. జీవితాంతము సిగరెట్టు కాల్చినవారు కాల్చనివారి కంటె సగటున 10 ఏండ్లు ముందు మరణించిరి. 60వ యేట మానినవారు 3 ఏండ్లును, 50వ యేట మానినవారు 6 ఏండ్లును, 40వ యేట మానినవారు 9 ఏండ్లును తిరిగి సంపాదించుకొనిరి. 30వ యేట మానినవారికి దాదాపు నష్టమంతయు తీరినది. ముసలితనమున మానినను ప్రయోజన మేమను మాటకు ఇదియే సమాధానము. సిగరెట్టునకు చెప్పినది బీడీకి చెల్లదని యెవరును తలపరాదు. తునికాకు బీడీలో పొగాకు తక్కువయే గాని, అది ఆరిపోకుండ మాటిమాటికి పీల్చవలసి యుండుటచే నికోటినును విషవాయువును తక్కువ కాకుండ లోనికి పోవును.

ఇరువురు సభ్యుల సంఘము

అమెరికాలోని ఫ్రామింగ్‌హాము పట్టణమున హృద్రోగ పరిశోధనకై చేరిన కుటుంబముల వివరములను బట్టి, 1971 మొదలు 2003 వరకు 12,067 మంది పొగ అలవాట్లు ఎట్లు మారెనో ఇరువురు పండితులు 2008లో ప్రకటించిరి. స్నేహితుడు మానినచో మనిషి పొగత్రాగు అవకాశము 36 శాతము తగ్గెను. తోబుట్టువు మానినచో 25 శాతము తగ్గెను. భార్యాభర్తలలో ఒకరు మానినచో రెండవవారికి 67 శాతము తగ్గెను. స్నేహితుని కంటెను తోబుట్టువు కంటెను జీవిత సహచరుని ప్రభావమే అధికమన్నమాట.

ఇందు మన సంఘ సభ్యులకు వింత లేదు. పరస్పర బాధ్యత మీద నిలిచిన పరపతి సంఘములలో ఒకని అప్పునకు తక్కినవారు జామీను నిలిచిరి. జామీనుదారుడు అప్పు తీసికొన్నవాని వెంట కఱ్ఱ పుచ్చుకొని తిరుగడు. వాని పంట మీద కన్నుంచును, కష్టమునకు చేయందించును. దంపతులు ఇరువురు సభ్యులు గల సంఘము వంటివారు. అందొకరు పోలీసును, రెండవవారు దొంగయు అయినచో ఆ సంఘము నిలువదు. జేబులు వెదకుట, నోరు వాసన చూచుట, పదిమందిలో ఎత్తిపొడుచుట, పిల్లలచే కావలి కాయించుట కోరికను తగ్గింపవు, దాచుట నేర్పును.

ఏర్పాట్లు

దంపతులు కూర్చుండి ఒక తేదీని నిర్ణయించుకొనవలెను. ఊడ్పులు, నూర్పులు, ఇంట శుభకార్యము ఉన్న వారము మంచిది కాదు. పది పదిహేను దినముల దూరములో పని కొంత సర్దుకొను వారమును ఎంచుకొనవలెను. ఆ లోపల ఒక్కొక్కరు తాము ఏ వేళ, ఏ చోట, ఎందువలన కాల్చుచున్నారో వ్రాసికొనవలెను. వ్రాత రానివారు గోడ మీద గీతలు గీసికొనవచ్చును. భర్త పిలకలు భార్య పిలకలు ఒకటి కావు. ఆయనకు సంత గండమైనచో, ఆమెకు పొయ్యి యొద్ద తెల్లవారుజాము గండము. ఒకరి గండము మరియొకరికి తెలిసి యుండుటయే సగము సహాయము.

నిర్ణయించిన తేదీ ముందటి రాత్రి ఇంటిలోని చుట్టలు, బీడీలు, ఆకు కట్టలు తీసివేయవలెను. చూరులోను, ధాన్యపు గాదె చాటునను, చొక్కా జేబులోను మిగిలినవి మరువరాదు. చుట్టాలకై రెండు ఉంచుదమని తలపరాదు.

కోరిక వచ్చినప్పుడు చేయవలసినవి నాలుగు. మొదటిది, ఆగుట, పది నిమిషములు గడువు పెట్టుకొనుట. రెండవది, నిదానముగా లోతుగా ఊపిరి పీల్చి విడుచుట. మూడవది, మంచినీరో పలుచని మజ్జిగయో కొంచెము కొంచెముగా త్రాగుట. నాలుగవది, చేతికి పని చెప్పుట. పశువులకు మేత వేయుట, బావి నుండి నీరు తోడుట, త్రాడు పేనుట, ఏదైనను సరియే. నోటికి ఉసిరి ముక్క, సోంపు, లవంగము పనికివచ్చును. జర్దా, ఖైనీ, పొగాకు వేసిన తాంబూలము పనికిరావు. అవి నికోటినును వేరొక ద్వారమున లోనికి తెచ్చును. వట్టి వక్కయు నోటికి మేలు చేయదు.

ఇరువురిలో ఒకరికి కోరిక వచ్చినప్పుడు రెండవవారికి తెలుపుటకు ఒక మాట ఏర్పరచుకొనుట మంచిది. ఆ మాట వినగానే రెండవవారు ఉపదేశము చేయరాదు. లేచి ప్రక్కకు వచ్చి పది నిమిషములు తోడుండవలెను, అంతియే. ఇరువురికి ఒకేసారి వచ్చినచో ఇల్లు విడిచి ఇరువురును కొంత దూరము నడచి రావలెను.

మొదటి మూడు వారములలో చికాకు, కోపము, నిద్ర పట్టకుండుట, మనసు నిలువకుండుట, ఆకలి హెచ్చుట, మలబద్ధము కలుగవచ్చును. ఇవి నికోటిన్ విడిచిపోవుచున్న గుర్తులు; మనిషి గుణములు కావు. మానిన యింట ఈ మూడు వారములలో కూర ఉప్పయినదని, గడ్డపార కనబడలేదని తగవులు పుట్టును. ఈ కాలమున పుట్టిన తగవును తగవుగా లెక్కింపరాదని ఇరువురును ముందుగనే ఒప్పందము చేసికొనవలెను. భూమి, అప్పు, పెండ్లి సంబంధము వంటి పెద్ద మాటలను నెల తరువాతకు వాయిదా వేయుట మేలు.

ఒక దంపతుల సంగతి

శ్రీకాకుళము జిల్లా తీరమున ఒక కర్షక దంపతుల సంగతి మాకు తెలియును. పేరులు చెప్పము. ఆమె ముప్పది ఏండ్లుగా అడ్డపొగ కాల్చుచుండెను. ఊరి పాఠశాలలో జరిగిన దంతవైద్య శిబిరమున ఆమె అంగిలి మీద తెల్లని మచ్చలును, వాని నడుమ ఒక ఎర్రని మచ్చయు కనబడెను. వెంటనే మానుమని వైద్యురాలు చెప్పెను. భర్తయు మానుమనెను, మానుమని చెప్పుచు అరుగు మీద తన చుట్ట తాను కాల్చుచుండెను. రెండు నెలలలో ఆమె నాలుగు మారులు మానెను, నాలుగు మారులు మొదలుపెట్టెను. చివరకొక సాయంకాలము భర్తతో, "కట్ట ఇంట్లో ఉన్నన్నాళ్లు నా వల్ల కాదు మావా" అని మాత్రమనెను. ఆయన ఆ రాత్రి చాలసేపు మాటాడలేదు. మరునాడు ఇరువురును తేదీ పెట్టుకొనిరి.

మూడవ దినమున ఆయన కంచము ముందు నుండి లేచి పొలమునకు పోయెను. ఆమె మజ్జిగ చెంబు పట్టుకొని గట్టు మీదికి వచ్చి, మాట లేకుండ ఆయన చేతికిచ్చి, మడవ త్రిప్పుటకు తానును చేయి వేసెను. తొమ్మిదవ దినమున బంధువుల పెండ్లిలో ఆయన ఒక చుట్ట కాల్చి, ఇంటికి వచ్చి ఆ మాట దాచక చెప్పెను. బట్టల మీది ఆ వాసనకే ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినను ఆమె కాల్చలేదు. తెల్లవారిన పిదప, "మళ్లీ ఒకటో రోజు కాదు మావా, పదో రోజే లెక్కెట్టుకో" అని యామె చెప్పిన మాట ఆయనను నిలిపినది. ఆరు నెలలకు తెల్లని మచ్చలు చాల తగ్గెను. ఎర్రని మచ్చ పోలేదు. దానిని కొంచెము కోసి పరీక్షకు పంపగా క్యాన్సరు కాదని తేలినది. ఏటా రెండు మారులు చూపించుకొనవలెనని వైద్యురాలు ఆజ్ఞాపించినది. ఇరువురును కలిసియే పోవుచున్నారు.

జారిన యెడల

పై సంగతిలో మనము నేర్వవలసినది రెండవవారి పట్టుదల. ఒకరు జారినచో రెండవవారికి, ఇక నేనేల కష్టపడవలెనను తలపు సహజముగా కలుగును. జామీను న్యాయము ఇచట వర్తింపవలెను. ఒకని పంట పోయినదని రెండవవాడు తన పంటను తగులబెట్టుకొనడు. తన పంటతో వానిని నిలుపును. జారినవారు ఒక చుట్టతో ఆగి ఆ దినమే చెప్పవలెను. విన్నవారు కోపింపక, ఏ చోట, ఏ వేళ జారెనో తెలిసికొని, ఆ చోటికి మరుసటి మారు ఏమి ఏర్పాటు చేయుదమని యడుగవలెను. పెక్కుమందికి మొదటి ప్రయత్నమున విజయము కలుగదు. పలుమారులు ప్రయత్నించి మానినవారే యెక్కువ.

ఇరువురిలో ఒకరే సిద్ధముగా నున్నచో రెండవవారు ఇంత మాత్రము చేయవచ్చును. ఇంటిలోపలను, పశువుల పాకలోను కాల్చకుండుట. కట్టను మానినవారి కంటబడనీయకుండుట. కాల్చి వచ్చి నోరు కడుగుకొనుట. ఒక్కటి కాల్చిన తప్పేమని ఎన్నడును అనకుండుట. ఇది చేయుచు చేయుచు తామును మానినవారు పలువురు.

మందులును సలహాయును

కోరిక బలముగా నున్నవారికి మందులు కలవు. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాముల మోతాదులలో దొరకును. దానిని తాంబూలమువలె గబగబ నమలరాదు. మెల్లగా కొన్ని సారులు నమిలి, కారపు రుచి తోచగానే చెక్కిలికిని చిగురుకును నడుమ ఉంచవలెను. రుచి తగ్గిన పిదప మరల నమలవలెను. వారెనిక్లిన్, బుప్రోపియాన్ అను మాత్రలను వైద్యుని సలహా మీదనే వాడవలెను. గర్భిణులును, గుండెజబ్బు గలవారును ఏ మందునైనను వైద్యుని అడుగకుండ వాడరాదు.

మానుటకు సలహా యిచ్చు జాతీయ టెలిఫోను సేవ 2016లో ఏర్పడినది. దాని నెంబరు 1800-11-2356, ఖర్చు లేదు. 2018 సెప్టెంబరు నుండి ఈ నెంబరు సిగరెట్టు, బీడీ పొట్లముల మీద అచ్చుపడుచున్నది. విడిగా కొను చుట్టకు పొట్లము లేదు గనుక ఇచట ముద్రించితిమి. చదువరులు దీనిని గోడ మీద వ్రాసికొనవలెను.

పొదుపు ఖాతా

ఒక్కొక్కరికి దినమునకు 20 రూపాయలు ఖర్చగుచున్నదనుకొందము. ఇరువురికి 40 రూపాయలు. ఏడాదికి 14,600 రూపాయలు. ఈ పైకము మానినంత మాత్రమున కనబడదు. తక్కిన ఖర్చులలో కలిసిపోవును. కావున ప్రతి శనివారము ఆ వారపు సొమ్మును సంఘములో ఇరువురి పేర జమచేయుట మేలు. పుస్తకములో అంకె పెరుగుచుండుట చూచినచో, సంతలో చుట్ట ఇచ్చువానికి వద్దని చెప్పుట కొంత తేలికయగును.

సంఘ పాలకవర్గము వారికి ఒక విన్నపము. బహిరంగ స్థలములలో పొగత్రాగుటను నిషేధించు నిబంధనలు 2008 అక్టోబరు 2వ తేదీ నుండి అమలులో నున్నవి. సంఘ కార్యాలయము, గిడ్డంగి, ఎరువుల విక్రయశాల వీనికి లోబడినవే. మానదలచిన సభ్యుడు అప్పు కిస్తీ కట్టుటకు వచ్చి పొగలో కూర్చుండవలసి వచ్చుట న్యాయము కాదు. మహాజనసభ జరుగునపుడు దంతవైద్యుని పిలిపించి సభ్యులకును, వారి భార్యలకును నోటి పరీక్ష చేయించినచో పెద్ద మేలు జరుగును. స్త్రీలను స్త్రీ వైద్యురాలు వేరుగా పరీక్షించు ఏర్పాటుండవలెను. అంగిలిని అద్దములో తాము చూచుకొనుట కష్టము. మరియొకరు దీపము పట్టి చూడవలసినదే. మానని మచ్చ, పుండు, గట్టిదనము కనబడి రెండు వారములు గడచినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఈ సంచిక సాధారణముగా సభ్యుని చేతికే వచ్చును. ఈ నెల దీనిని భర్తలు భార్యలకును, చదువ నేర్చిన భార్యలు భర్తలకును బిగ్గరగా చదివి వినిపింపవలెనని, చదివిన సాయంకాలమే తేదీ పెట్టుకొనవలెనని ప్రార్థించుచున్నాము.